చంటిపిల్లల బొమ్మకు బొత్తాల కళ్లు వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో, మిగిలిన గుడ్డముక్కలతో చంటిపిల్లలకు బొమ్మలు కుట్టడం గురించి అరపేజీ వ్యాసం వేశారు. నేను చీరాల పేరాలలో ముప్పై ఒక్క ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కత్తెర కింద రాలిన ముక్కల గురించి ఒక పేపర్లో అంత రాస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. సంతోషంగా మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి చేతులు వణికాయి. ఏనుగు బొమ్మకు రెండు నల్ల బొత్తాలు కళ్లుగా కుట్టమని, తోక చివర ఒక మువ్వ కట్టమని రాశారు. పక్కన ఫొటోలో ఆరేడు నెలల పాప అదే ఏనుగును నోట్లో పెట్టుకుని ఉంది.

ఆ వ్యాసం రాసినవాళ్లను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాళ్లు చేసిన పొరపాటే నేనూ చేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా పెద్ద మనవరాలికి అప్పుడు ఎనిమిది నెలలు. ఆకుపచ్చ కాటన్ జాకెట్టు ముక్కలతో కుందేలు కుట్టాను. కళ్లకు నాలుగు కన్నాల షర్టు బొత్తాలు. నాలుగు పేటల దారంతో, మనం కోట్లకు కుట్టినట్టు కింద కాడ చుట్టి మరీ కుట్టాను. నేను కుట్టిన బొత్తం ఊడిందని ఇన్నేళ్లలో ఒక్కరూ వెనక్కి తేలేదు, ఆ ధైర్యం నాది. పాప ఆ బొమ్మను మూడు వారాలు వదల్లేదు. ఒక మధ్యాహ్నం కోడలు అన్నం పెడదామని వచ్చి చూస్తే కుందేలుకు ఒక కన్ను లేదు. పాప నాలుక మీద బొత్తం కనిపిస్తోంది. కోడలు నెమ్మదిగా గడ్డం పట్టుకుని వేలితో తీసేసింది. అంతా నిమిషం కూడా పట్టలేదు. నేను మిషన్ దగ్గర నుంచి లేవలేకపోయాను.

తర్వాత ఆ బొమ్మను వెలుతురులో పెట్టి చూశాను. దారం గట్టిగానే ఉంది. చిరిగింది గుడ్డ. ఆ ముక్క జాకెట్టు చంక దగ్గర తీసింది. అక్కడి ముక్కలు క్రాసులో, అంటే నేతకు ఏటవాలుగా ఉంటాయి, లాగితే సాగుతాయి. దాన్ని పాప రోజూ చప్పరిస్తుంటే ఉమ్ముకు నాని, వచ్చిన చిన్న పళ్ల కింద నలిగి, బొత్తం చుట్టూ పోగులు విడిపోయాయి. బొత్తం ఎంత బలంగా కుడితే అంత బలంగా ఆ పల్చటి గుడ్డను కోసేసింది. ఇది టైలర్లందరికీ తెలిసిన సంగతే. పాత షర్టుకు బొత్తం ఊడిపోయే ముందు గుడ్డకే చిల్లు పడుతుంది. తెలిసి కూడా నాకు ఆ రోజు తట్టలేదు.

ఎంత చిన్న వస్తువు పిల్లలకు ప్రమాదం అన్నది మన అంచనాకు వదిలేసే విషయం కాదని తర్వాత తెలుసుకున్నాను. బొమ్మల భద్రతకు మన దేశంలో ఐఎస్ 9873 అనే ప్రమాణం ఉంది. అందులో ఒక చిన్న గొట్టం కొలత ఇచ్చారు. లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అంటే టేపు మీద అంగుళంపావు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మ నుంచి ఊడి వచ్చే ముక్క ఏదైనా ఆ గొట్టంలో నొక్కకుండా పూర్తిగా పట్టేస్తే, ఆ బొమ్మ ఆ వయసు పిల్లలకు పనికిరాదు. షర్టు బొత్తం 11 మిల్లీమీటర్లు ఉంటుంది. కోటుకు వేసే పెద్ద బొత్తం కూడా 25 లోపే. అంతెందుకు, మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు. అది కూడా అందులో పడిపోతుంది. మువ్వలు, పూసలు, కుందన్లు, జాకెట్టు వెనక తాళ్లకు వేలాడేసే చిన్న లట్కన్ల సంగతి చెప్పక్కర్లేదు. పది రూపాయల బిళ్లంతది గానీ, అంతకంటే చిన్నది గానీ, కాస్త పెద్దది గానీ ఏ వస్తువూ చంటిపిల్లల బొమ్మకు అతికించకూడదని నేను అందరికీ చెబుతుంటాను. బిళ్ల చేతిలో పెట్టి చూపిస్తే ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది.

మరి కళ్లు ఎలా అంటారు. దారంతో. అంతకంటే ఏమీ అక్కర్లేదు. బొమ్మలో దూది నింపకముందే, ముఖం ముక్క ఇంకా విడిగా ఉండగానే, నల్ల ఎంబ్రాయిడరీ దారం రెండు పేటలు తీసుకుని శనగగింజంత గుండ్రం గీసి నిండుకుట్టు కుట్టండి. చుట్టూ కాడకుట్టు వేస్తే అంచు నీటుగా వస్తుంది. ముక్కుకు మూడు కుట్లు, నోటికి నాలుగు గొలుసుకుట్లు. వెనక ముడులు లోపలే ఉండిపోతాయి. ముందే కుట్టాలని ఎందుకు అంటున్నానంటే, దూది నింపాక కుడితే ముడి పైకి వస్తుంది. పాప మొదట పట్టుకునేది ఆ ముడినే. దారంతో కుట్టిన కన్ను బొత్తంలా మెరవదు. నిద్రకళ్లలా కనిపిస్తుంది. నాకు ఇప్పుడు అవే ముద్దుగా ఉంటాయి.

మా నాయనమ్మ తాను చేసిన పీలికల బొమ్మకు కాటుకతో కళ్లు దిద్దేది. స్నానం చేయించినప్పుడల్లా కళ్లు పోయేవి, మళ్లీ దిద్దేది. మేము ఆడుకున్న గుడ్డబంతికి అసలు ముఖమే లేదు. చిరుగు చీరల పీలికలు గట్టిగా చుట్టి, పైన కొబ్బరి పీచు తాడు బిగించి ఏడుపెంకులాట ఆడేవాళ్లం. ఇంట్లో చంటిపిల్ల ఉంటే నాయనమ్మ తాడు లేకుండా మెత్తగా ఇంకొకటి చుట్టి, పైన పాత పంచె ముక్క తొడిగి మూతి కుట్టేసేది. ఆవిడకు ప్రమాణాల సంగతి తెలియదు. అయినా ఆ బంతిలో ఊడిపోయేది ఏదీ ఉండేది కాదు. పురిటి బిడ్డను కొత్త గుడ్డలో చుట్టకూడదని, బాగా నలిగిన పాత నూలు చీరే పొత్తిగుడ్డ చేయాలని మనవాళ్లు అనేవారు కదా. బొమ్మకూ అదే వర్తిస్తుందని నా నమ్మకం. పదిసార్లు ఉతికిన గుడ్డ గంజి పోయి, మిగులు రంగు పోయి, మెత్తబడి ఉంటుంది.

ఈ బొత్తాల కళ్లు ఎక్కడి నుంచి వచ్చాయా అని మా అబ్బాయిని అడిగితే ఫోన్‌లో వెతికి చదివి వినిపించాడు. జర్మనీలో గీంగెన్ అనే ఊళ్లో మార్గరెటె స్టైఫ్ అని ఒక టైలర్ ఉండేదట. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. చక్రాల కుర్చీలోనే కూర్చుని కుట్టుపని చేసేది. 1880లో ఫెల్ట్ గుడ్డతో చిన్న ఏనుగులు కుట్టింది, సూదులు గుచ్చుకోవడానికి. పిల్లలు వాటిని తీసుకుని ఆడుకోవడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఆమె కంపెనీ పెరిగి, తర్వాత టెడ్డీ ఎలుగుబంట్లు చేసింది. ఆ తొలి ఎలుగుబంట్లకు బూట్లకు వేసే నల్ల బొత్తాలే కళ్లు. నాకు ఆమె కథ విన్నాక రెండు రోజులు వేరే ధ్యాస లేదు. మనలాగే మిషన్ ముందు కూర్చున్న మనిషి! కానీ ఆ కాలం బొమ్మలు అలా ఉన్నాయని ఈ రోజు ఆరు నెలల పాపకు అలాగే కుట్టక్కర్లేదు. ఇప్పుడు ఆ ప్రమాదం మనకు తెలుసు కదా.

గుడ్డ ఎంపిక గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్కే ఉంది, ఏదైనా పర్లేదని. ఏదైనా పనికిరాదండీ. మా దగ్గర పెళ్లిళ్ల రోజుల్లో వారానికి ఒక బియ్యం సంచి నిండా ముక్కలు పడతాయి. అందులో పసిపిల్లలకు పనికొచ్చేది నాలుగో వంతు ఉంటే ఎక్కువ. కుప్పడం చీరల జాకెట్టు ముక్కలు కళ్లకు ఇంపుగా ఉంటాయి గానీ జరీ అంచు పాప బుగ్గను గీరుతుంది. వర్క్ జాకెట్ల ముక్కల్లో చమ్కీలు, పూసలు ఉంటాయి. జార్జెట్ జారిపోతుంది, కుట్టు దగ్గర పోగులు విడిపోతాయి. నేను లైనింగ్‌కు వాడే కాటన్, పాప్లిన్, లంగా గుడ్డ, మల్లు మాత్రమే తీసి పెడతాను. చంక ముక్కలు, మెడ ముక్కలు తీసుకోను. వీపు పక్కన, చేతుల పక్కన మిగిలే నిలువు ముక్కలే తీసుకుంటాను. రంగు పోతుందేమో చూడటానికి తెల్ల మల్లు తడిపి గట్టిగా ఇరవైసార్లు రుద్దుతాను. తెల్లగుడ్డకు కొంచెం అంటినా ఆ ముక్క కాలుపట్టాకు వెళుతుంది. ముదురు ఎరుపు, నీలం చాలావరకు అక్కడికే వెళతాయి.

మొదటి రెండు మూడు నెలల పాపకైతే రంగులతో పని కూడా లేదు. పుట్టిన బిడ్డకు జానెడు, జానెడున్నర దూరం వరకే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది, అదీ నలుపు తెలుపు లాంటి తేడా ఉంటే. నల్ల లైనింగ్ ముక్క, తెల్ల పాప్లిన్ ముక్క పక్కపక్కన చారలుగా కుట్టి ఒక దిండులాంటి చేప చేసి చూపించండి. పాప కళ్లు ఆ చారల మీద ఆగిపోవడం చూస్తే కుట్టినవాళ్ల కడుపు నిండిపోతుంది.

కుట్టేటప్పుడు మిషన్ కుట్టు చిన్నది పెట్టుకోవాలి. జాకెట్టుకు వేసేదాని కంటే చిన్నది. అర అంగుళం వదిలి ఒకసారి, దాని లోపలే మళ్లీ ఒకసారి, రెండు వరుసలు. వంపుల దగ్గర గంట్లు పెట్టాలి, కానీ కుట్టుకు తగలకుండా. తిరగేయడానికి పొట్ట దగ్గర రెండు అంగుళాలు వదలండి. తొండం లాంటి సన్నని చోటు పెన్సిల్ మొద్దు వైపుతో నెట్టి తీయండి, కత్తెర మొనతో నెడితే కన్నం పడుతుంది. కన్నం పడిన చోటును కుట్టి సర్దుకోవద్దు. ఆ ముక్క పక్కన పెట్టి కొత్తది కోసుకోండి. గుడ్డ ఊరికే వచ్చిందే కదా.

లోపల ఏం నింపాలన్నది నేను చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. పీలికలు గింజల్లా కత్తిరించి నింపితే ఖర్చు లేదు, కానీ బొమ్మ రాయిలా అవుతుంది. ఉతికితే ఆరదు. మా ఊరు సముద్రం దగ్గర, శ్రావణ భాద్రపదాల్లో మూడు రోజులైనా లోపల తడి పోక ముక్కవాసన వస్తుంది. ఆవాలు పోసిన దిండు మన ఇళ్లలో పాప తల కింద పెట్టేవారు కాబట్టి బొమ్మలోనూ ఆవాలు పోస్తానని ఒకామె అంది. వద్దని బతిమాలాను. కుట్టు విప్పుకుంటే ఆ గింజలన్నీ పాప చేతిలో, నోట్లో, ముక్కులో. బూరుగు దూది బాగా మెత్తన, కానీ ఉతికితే ముద్దలు కడుతుంది, సన్న నూగు లేస్తుంది. నేను ఇప్పుడు దిండ్లకు వాడే ఫైబర్ దూది కొని నింపుతున్నాను. ఉతికి పిండి దండెం మీద వేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. పాత దిండు విప్పి ఆ దుమ్ము దూది మాత్రం పసిపిల్లల బొమ్మలో పెట్టకండి.

ఇంకొక సంగతి. ఇది టైలర్లకు మాత్రమే తట్టేది. గుండుసూదులు. ముక్కలు జతపెట్టడానికి ఎన్ని గుచ్చామో, దూది నింపే ముందు అన్నీ తిరిగి డబ్బాలో పడ్డాయో లేదో లెక్కపెట్టాలి. నేను ఒక్కో బొమ్మకు పది సూదులే విడిగా తీసి పెట్టుకుంటాను, పదీ తిరిగి వచ్చాకే మూతి కుడతాను. కుట్టాక పాడైన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం బొమ్మ చుట్టూ తిప్పుతాను. ఒకసారి మిషన్ సూది మొన విరిగితే అది దొరికేదాకా ఆ బొమ్మ పూర్తిచేయలేదు. అయస్కాంతమే దాన్ని చెవి మడతలో పట్టిచ్చింది. బయట వేలాడే దారపు కొసలు కూడా కత్తిరించి వేలితో తడిమి చూడండి. పసిపిల్లల వేలికి దారం చుట్టుకుంటే బిగుసుకుంటుంది. వాళ్లు ఏడవడం తప్ప ఏమీ చెప్పలేరు.

చప్పుడు చేసే బొమ్మ కావాలంటే గుడ్డ బొమ్మకు మువ్వ కట్టే బదులు ఏటికొప్పాక గిలక ఒకటి కొనివ్వండి. అంకుడు కర్ర, లక్క రంగు. మనవాళ్లు తరాలుగా చేస్తున్న పని అది. గుడ్డ బొమ్మ పట్టుకోవడానికి, చప్పరించడానికి. అది మెత్తగా ఉంటే చాలు.

మీ వ్యాసం చివర 'పాప పక్కన పెట్టి పడుకోబెట్టండి' అని ఉంది. ఇది కూడా సరిచేయాలి. మా చెల్లెలి కూతురు అమెరికాలో డాలస్‌లో ఉంటుంది. కాన్పు అయ్యాక ఒక ఏనుగు కుట్టి పంపాను. ఫోన్‌లో చాలా సంతోషపడింది గానీ "పెద్దమ్మా, ఏడాది నిండేదాకా పడుకునే చోట బొమ్మలు, దిండ్లు పెట్టొద్దని ఇక్కడి డాక్టర్లు చెప్పారు, మెలకువగా ఉన్నప్పుడే ఇస్తున్నా" అంది. ఒక్క క్షణం నొచ్చుకున్నాను. అక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ అందరు తల్లులకూ చెప్పే మాటే అదని తర్వాత తెలిసింది. మెత్తటి వస్తువు నిద్రలో ముఖం మీద పడితే చంటిపాప దాన్ని తోసుకోలేదు. మన ఇళ్లలో ఉయ్యాలలో బొమ్మ వేసి ఊపడం మామూలు. చీర ఉయ్యాల అయితే బొమ్మ జారి పాప ముఖం దగ్గరికే చేరుతుంది. అందుకే ఇప్పుడు నేను బొమ్మ ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పి ఇస్తాను: పాప నిద్రపోగానే బొమ్మను కొక్కేనికి తగిలించమ్మా.

అమ్మకం గురించి కూడా రాయక తప్పదు. ఎందుకంటే మీ వ్యాసంలో ఇంట్లో కూర్చుని సంపాదించవచ్చని రాశారు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలు అమ్మాలంటే ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్న కళాకారులు తాము చేసి అమ్ముకునే బొమ్మలకు, జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. మా దగ్గర ఒక షాపు ఆయన యాభై బొమ్మలు కావాలని అడిగినప్పుడు గానీ నాకు ఈ సంగతి తెలియలేదు. కొత్తగా మిషన్ నేర్చుకున్న అమ్మాయిలు, డ్వాక్రా సంఘాల్లోని అక్కచెల్లెళ్లు మీ వ్యాసం చూసి అప్పుచేసి ఫైబర్ కొని మొదలుపెడతారు. ఆ తర్వాత అమ్ముకోలేక కూర్చుంటే ఆ నష్టం ఎవరు భరిస్తారు? నమోదు ఎలా చేసుకోవాలో, కార్డు ఎలా వస్తుందో ఒక కథనం వేయండి. గుర్తు అక్కర్లేదన్నారు కదా అని పైన చెప్పిన జాగ్రత్తలు వదిలేయొద్దని కూడా అందులో రాయండి.

నేను మాత్రం బొమ్మలు అమ్మడం లేదు. కడుపుతో ఉన్నామని జాకెట్లు వదులు చేయించుకోవడానికి వచ్చేవాళ్లకు, కాన్పు అయ్యాక ఒకటి ఇస్తాను. చాలావరకు వాళ్ల సొంత జాకెట్టు లైనింగ్ ముక్కతోనే కుడతాను. ఆ ముక్క గుర్తుపట్టి "ఇది నా సీమంతం జాకెట్టుది కదా పిన్నీ" అన్నవాళ్లు ఉన్నారు.

నా మనవి ఒకటే. ఆ వ్యాసం ఎంత చోటులో వేశారో అంత చోటులోనే, అదే పేజీలో, బొత్తాలు, మువ్వలు తీసేసి దారం కళ్లతో ఎలా కుట్టాలో మళ్లీ వేయండి. ఎక్కడో మూలన రెండు వరుసల సవరణ వేస్తే ఎవరి కంటా పడదు. ఆదివారం పేజీలు మా వాళ్లు కత్తిరించి దాచుకుంటారు. ఆ ఫొటో ఇప్పటికే ఎన్ని ఇళ్లలో గోడకు అంటించి ఉందో. ఈ ఉత్తరంతో పాటు ఏనుగు నమూనా పంపుతున్నాను. మీ పేపర్ మీదే గీసి కత్తిరించాను, జాకెట్ల నమూనాలూ మేము అలాగే దాచుకుంటాం. కళ్లు ఎక్కడ కుట్టాలో పెన్నుతో గుర్తు పెట్టాను. కుట్టిన ఏనుగు కూడా ఒకటి ఉంది, లేత పసుపు పాప్లిన్‌ది. ఫొటోకు దాన్ని వాడుకోండి, తిరిగి పంపనక్కర్లేదు.

ఈ ఆదివారానికి కుదరకపోతే వచ్చే ఆదివారమైనా వేయండి, ఆపైన ఆలస్యం చేయొద్దు. మీ వ్యాసం వచ్చిన సోమవారమే మా వీధిలోని ఇద్దరు తల్లులు పేపర్ పట్టుకుని నల్ల బొత్తాల కోసం నా దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ చెరొక నల్లదారం ఉండ ఇచ్చి, కూర్చోబెట్టి కన్ను కుట్టడం చూపించి పంపాను.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
పేరాల, చీరాల.